శాకసంజీవని: గడ్డపు తొండ మేతపై ఒక టీక

మూలము: “హితములైన శాకములను మితముగా, విజ్ఞతతో, జాగరూకులై సమర్పింపవలెను.”

అవతారిక. మా మేనల్లుడు పట్టణాంతరమునుండి కొనితెచ్చిన బియర్డెడ్ డ్రాగనుతోపాటు అంగడివాడు ప్రసాదించిన నున్నని కాగితమున ఈ వాక్యము బంగారు వన్నెతో అచ్చొత్తబడి యున్నది. ఆంగ్లమున నున్నదానిని నేను తెలుగు చేసితినే గాని గాంభీర్యమును నా వంతుగా గురిగింజయెత్తైనను కలుపలేదు. కర్త పేరు లేదు. ఇట్టి వాక్యములు అపౌరుషేయములు. 1956లో హైదరాబాదు రాష్ట్రము చీలినపుడు ఎల్లకు ఈవలనే నిలిచిపోయి, నాందేడున గోదావరి నీళ్లు త్రాగుచు, వ్యాఖ్యాతయైన కోలాచల మల్లినాథసూరి మెదకు సీమలోని కొల్చారమువాడేనని నేటికిని మీసము మెలివేయు తెలుగు కుటుంబము చేతికి ఇట్టి మూలము చిక్కినపుడు టీక పుట్టకుండుట ఎట్లు? ఆధారము లేనిది వ్రాయనని, అక్కఱ లేనిది పలుకనని ఆ మహానుభావుడు ప్రతిజ్ఞ పట్టెను. మొదటిదానిని పాటింతును. రెండవదానికి పాఠకులు క్షమింతురు గాక.

టీక. “శాకములను” సుగమము. “సమర్పింపవలెను” అనుటలో ఎవరికన్నది లేదు గనుక సంప్రదానమును అధ్యాహారము చేసికొనవలెను. ఆ సంప్రదానము ఆస్ట్రేలియా ఖండపు నడిమి ఎడారులలో పుట్టిన జీవి. ఎర్నస్ట్ ఆల్ అను జర్మను పండితుడు 1926లో దీనిని శాస్త్రలోకమునకు ఎఱుకపఱచెను. నేటి శాస్త్రనామము పోగోనా విటిసెప్స్. మా పెరటి కంచెపై తలయూచుచుండు తొండయు, గాజుపెట్టెలో గడ్డము నలుపెక్కించుకొని కూర్చుండు ఈ దొరయు అగామిడే యను ఒక్క కుటుంబపు దాయాదులే. కంచెమీది దాయాదికి మా వీథి పిల్లల రాళ్లు దక్కుచుండగా పెట్టెలోని దాయాదికి దీపము, ఉష్ణమాపకము, బంగారు వన్నె కాగితము దక్కినవి.

“మితముగా”. ఇది దుర్గమస్థలము. మేనల్లుడు పాలకూర కట్ట చేతబట్టుకొని, “మామా, మితం అంటే ఎన్ని ఆకులు?” అని యడిగెను. కాగితము అటునిటు త్రిప్పితిమి. వెనుకవైపు అంగడివాని వేళలు మాత్రము ఉన్నవి.

అన్నము పెట్టుటను గూర్చి చెప్పవలసినవాడు ఎట్లు చెప్పవలెనో తెలియగోరువారు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంటికి పోవలెను. ఆ ఇంటికి అతిథి వచ్చిన, హితముగా మితముగా పెట్టెనని చేతులు దులుపుకొని రాయలవారు తరువాతి పద్యమునకు పోలేదు. వాన జడిపట్టిన దినములైనచో వరి యన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు వేపుళ్లు, వరుగులు, వడియములు, పెరుగు, నెయ్యి. ఎండలు కాయు దినములైనచో నులివెచ్చని యన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెఱకుపాలు, లేత కొబ్బరినీళ్లు. చలికాలమైనచో మిరియపు పొడి దట్టించిన వేడి కూరలు, ముక్కుపుటము లదరగొట్టు ఆవపచ్చళ్లు, కాచిన పాలు. అంతియే కాదు. ముసురులో తడికట్టెల పొగ ఇల్లాలి కంటికి సోకకుండ కొబ్బరిచిప్పలు పొయ్యిలో పెట్టించినాడు ఆ చక్రవర్తి! దండయాత్రలు చేసి, రాజ్యమేలి, తిరిగి వచ్చి కావ్యము వ్రాయుచున్నవానికి వంటయింటి పొగ జ్ఞప్తియందున్నది. ఈ మూడు పద్యములను నేను భోజనమునకు ముందు చదువను. చదివినచో మా ఇంటి వంట రుచింపదు.

ప్రస్తుతమునకు వత్తము. ప్రస్తుతమేమి? తొండ.

“హితములైన”. దీనికి కాగితమే భాష్యము చెప్పినది: కాలర్డ్, డాండెలయన్, ఎండైవ్ హితములట, అవొకాడో, రూబార్బ్ విషములట. విషములన్న మాట సత్యమే. కాని మా సంతలో రూబార్బు నెవడు చూచెను? అచట ఉన్నవి పాలకూర, తోటకూర, చుక్కకూర, మరాఠీవారు అంబాడి యనియు మేము పుంటికూర యనియు పిలుచు గోంగూర. వీనిని గూర్చి కాగితము నోరు మెదపదు. ఇవియే ఆక్సాలిక్ ఆమ్లము మెండుగా గలవి. నిత్యము పెట్టినచో ఎముకలకు చేటు తెచ్చునవి.

పూర్వపక్షము: పాలకూరలో కాల్షియము కలదు గదా? సిద్ధాంతము: కలదు, తాళపుచెవి పోయిన పెట్టెలోని ధనమువలె కలదు. ఆ ఆమ్లము కాల్షియముతో కూడి కరుగని లవణమగుటచే ప్రేవులు దానిని గ్రహింపలేవు. కాల్షియము చాలనిచో జంతువు తన యెముకలనుండియే దానిని తీసికొనును. దవడ మెత్తబడును, కాళ్లు వంగును, వణకు పుట్టును. దీపము విషయమును ఇట్టిదే. అతినీలలోహిత కిరణములలో యూవీబీ యనునవి తగిలిననే విటమిన్ డీ3 పుట్టి కాల్షియము ఒంటబట్టును. కిటికీ గాజు వానిని ఆపివేయును. నాందేడు ఎండ ఎంత తీవ్రమైనను గాజువెనుక కూర్చున్నవానికి వేడిమి మిగులును గాని ఆ మేలు దక్కదు.

ఈ కారణమును రెండు పంక్తులలో చెప్పియుండిన, ఏ ఊరివాడు ఆ ఊరి సంతలో తానే ఏరుకొనియుండును. కారణము చెప్పక కట్టడ మాత్రము చేయుట, అదియు మా సంతకు రాని ఆకుల పేర్లతో చేయుట, పాండిత్యము కాదు. ఎదుటివానిని అంగడికి మఱల రప్పించు ఉపాయము. ఆ కాగితము అడుగున కాలర్డ్ ఆకుల పొడి డబ్బా బొమ్మయు ఉన్నది.

“విజ్ఞతతో, జాగరూకులై” అను రెండు పదములకు టీక లేదు, అర్థము లేనందున.

పాఠాంతరము. మూలము చెడినచోట సవరించు అధికారము వ్యాఖ్యాతకు కలదు గనుక, పెట్టెకు అంటించుటకై మేనల్లునికి వ్రాసియిచ్చిన పాఠము ఇది: “మునగాకు, ఆవాకు, గేదెలకు వేయు లూసర్న్ గడ్డి, ముండ్లు తీసిన నాగజెముడు మట్ట, మందారపు ఆకులు పువ్వులు, తురిమిన తియ్యగుమ్మడి మార్చి మార్చి పెట్టుము. మందు చల్లిన పంటయేమో యని ముందు బాగుగా కడుగుము. ముక్క దాని రెండు కన్నుల నడిమి ఎడము కంటె పెద్దది కారాదు. పిల్లగా నున్నంతకాలము పురుగులే ప్రధానము; పెద్దదైన పిమ్మట ఆకులు. వానకాలము దీపము చూచి ఇంటిలోనికి వచ్చు మిణుగురును దాని నోటికి అందనీకుము. ఒక్కటి చాలును, చచ్చును. పుంటికూర మీ అమ్మకిమ్ము.”