శ్... కొంగలు ఎగిరిపోతాయి!

ఖతర్‌లో శుక్రవారం తెల్లవారకముందే ముఐథర్‌లో మా వీధికి వస్తే ఓ దండయాత్ర బయల్దేరడం చూడొచ్చు. ఒక్క విల్లాకి అడ్డగోడలు కట్టి ఆరు కాపురాలు సర్దిన ఇల్లు మాది. ఆ గేటు ముందు రెండు పాత పజేరోలు ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉంటాయి. పై వాటాలోంచి మా బావగారు దిగుతారు. చీలమండ దాటిన ట్రెక్కింగ్ బూట్లు, లెక్క తెలియనన్ని జేబుల చొక్కా, మెడలో బైనాక్యులర్, నెత్తిన గొడుగంత టోపీ.

"హిమాలయాలకా బావగారూ?" అంటే, "లేదు బావా, థఖీరాకి. నేచర్ హైకింగ్" అన్నారు.

హైకింగ్ అనే మాట దగ్గర నేను కొంచెం ఆగాను. ఖతర్ దేశం మొత్తంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు సముద్రమట్టానికి 103 మీటర్లు. అది కూడా దక్షిణాన ఉంది. అల్ థఖీరా ఉత్తరాన, అల్ ఖోర్ పక్కన, సముద్రంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఊరు. అక్కడ ఎక్కడానికి ఉన్నవల్లా పజేరో మెట్టు, ఆ తర్వాత చెక్కల నడకదారి. ఈ రెండింటికీ అంతంత బూట్లెందుకో ఇప్పటికీ నాకు బోధపడలేదు. అడిగితే "గ్రిప్పు" అంటారు. చెక్క మీద గ్రిప్పు.

డిక్కీలో సరంజామా చూస్తే వనవాసం పద్నాలుగేళ్లనిపిస్తుంది. దమ్ బిర్యానీ డేగిసా, పెరుగుచట్నీ, ఫ్లాస్కుల్లో కరక్ చాయ్, మడత కుర్చీలు, డ్రోన్, పిల్లలకి చిప్స్, వీటన్నిటి మీదా బ్లూటూత్ స్పీకర్. పక్షుల్ని చూడ్డానికి స్పీకరెందుకని అడిగిన పాపానికి నన్ను ముసలాళ్లలో జమ కట్టారు. నలభై రెండేళ్లకే.

చోటు మాత్రం గొప్పది, కాదనను. గంటసేపు మట్టిరంగు తప్ప ఇంకో రంగు కనపడని ఎడారిలో వెళ్లి వెళ్లి, ఉప్పు పేరిన నేల అంచున ఒక్కసారిగా పచ్చగా మడ అడవి. ఉప్పునీళ్లు తాగి, ఆ ఉప్పుని ఆకుల మీదుగా బయటికి నెట్టేసి బతికే చెట్లు. వాటి కాళ్ల దగ్గర పీతలు, చిన్న చేపలు. చలికాలం వస్తే ఫ్లెమింగోలు. బురదలో గాలి ఆడదు కాబట్టి, మడచెట్టు తన శ్వాసవేళ్లని పెన్సిళ్లు పాతినట్టు పైకి లేపుకుని ఊపిరి పీలుస్తుంది. మావాళ్లు నడకదారి దిగి సరిగ్గా ఆ వేళ్ల మీదే నిలబడి సెల్ఫీ తీసుకుంటారు. "ఇక్కడ గాలి ఎంత స్వచ్ఛంగా ఉందో!" అని మురిసిపోతారు. చెట్టు ముక్కు తొక్కి గాలిని మెచ్చుకోవడం ఇక్కడే చూశాను.

ఇక కయాకింగ్. పడవ అద్దెకిచ్చే కుర్రాడు ముందే చెప్పాడు, పాటు మొదలవుతోంది, త్వరగా వచ్చేయండని. బావగారూ నేనూ గోదావరి, కృష్ణా జిల్లాల నీళ్లలో పుట్టినవాళ్లం. మాకు పోటూ పాటూ ఒకడు చెప్పాలా? ముప్పావు గంట తర్వాత ప్లాస్టిక్ పడవ బురదలో దిగబడిపోయింది. ఇద్దరం మోకాలి లోతు బురదలో దిగి దాన్ని లాగుతున్నాం. ఆ గ్రిప్పు బూట్లలో ఒకటి ఇప్పటికీ ఖతర్ ప్రభుత్వ రక్షణలోనే ఉంది. అంత అవస్థలోనూ బావగారు వీడియో ఆపలేదు. సాయంత్రం పెట్టిన పోస్టులో పేరు: "అడవి తల్లి ఒడిలో".

ఆ పక్కనే పర్పుల్ ఐలండ్ అనే చిన్న దీవి ఉంది. క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దిలో అక్కడ సముద్రపు నత్తల్ని లక్షల్లో చితక్కొట్టి ఊదారంగు తీసేవారు. ఎవరో గొప్పవాళ్ల బట్టలకి రంగు కావాలి, నత్తలు చచ్చాయి. ఇప్పుడు గొప్పవాళ్లం మనమే. మనకి కావలసిన రంగు ప్రొఫైల్ ఫొటోకి. ఫ్లెమింగో గులాబీరంగు అది తినే నాచులోంచీ రొయ్యపిల్లల్లోంచీ వస్తుంది. చలికాలం మొదట్లో కొన్ని పాలిపోయి ఉంటే బావగారు ఫోన్లో ఫిల్టరేసి సరిచేశారు. పక్షి తినాల్సింది తన వేలితో తినిపించారన్నమాట.

వీళ్లందరి నోటా ఊరే మాట ఒకటుంది: మనిషి చెయ్యి పడని ప్రకృతి. ఆ మాట కొంగల చెవిన పడితే నవ్వుకుంటాయి. ముఐథర్‌కి దక్షిణాన అబూ నఖ్లా అని ఒక మడుగు. శుద్ధిచేసిన మురుగునీరు వదిలితే ఎడారిలో ఏర్పడింది, ఏళ్ల తరబడి ఇక్కడి పక్షి ప్రేమికులకి పుణ్యక్షేత్రమైంది. ఇంకా కింద అల్ కరానా మడుగులున్నాయి. పారిశ్రామిక వ్యర్థజలాలు పోసిన గుంటలవి. పబ్లిక్ వర్క్స్ సంస్థ అష్ఘాల్ వాటిని బాగుచేయించాక ఫ్లెమింగోలు దిగుతున్నాయి. పక్షికి పురుగు దొరికితే చాలు, నీళ్లు ఏ గొట్టంలోంచి వచ్చాయని అడగదు. మనమే నీళ్ల గోత్రం అడిగి మరీ ముక్కు మూసుకోవాలో, కెమెరా తీయాలో తేల్చుకుంటాం.

దీనికి నిదర్శనం మా వీధే. ఏడాదికి రెండు మూడుసార్లు గట్టి వాన పడుతుంది. మా గేటు ముందు మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ఆ మధ్య అలా నిలిచిన నీళ్లలో మూడోరోజున రెండు తెల్లకొంగలు దిగాయి. నిజంగానే. నేను పరుగున వెళ్లి బావగారి తలుపు కొట్టాను, బైనాక్యులర్ తెమ్మని. ఆయన ముక్కు మూసుకుని కిటికీ సందులోంచి చూసి, "ఛీ, ఈ బురదలో ఎలా దిగుతాం బావా, ట్యాంకరువాడికి ఫోన్ చేశారా?" అన్నారు. బూటు గుమ్మం దగ్గరే ఉంది, అర జత.

అసలు సంగతి థఖీరాలో బిర్యానీ తింటున్నప్పుడు బయటపడింది. బావగారు మడచెట్లకేసి చూసి నిట్టూర్చారు. "ఇలాంటివి మన దగ్గరెక్కడ బావా!"

బావగారిది కాకినాడ పక్కన తాళ్లరేవు. గుమ్మం దాటితే కోరింగ మడ అడవుల అభయారణ్యం. 1978 నుంచి రక్షిత ప్రాంతం, మొత్తం 235 చదరపు కిలోమీటర్లు. థఖీరాలో ఉన్న ఆ మడజాతి అక్కడా ఉంది, దానికి తోడు ఇంకా ఎన్నో జాతులు, నీటిపిల్లులు, ఇదే రకం చెక్కల నడకదారి కూడా. వెళ్లారా అని అడిగాను. "చిన్నప్పుడు ఒకసారి. దోమలు బావా" అన్నారు. అన్నట్టు, వాళ్ల మామ్మ పొయ్యిలోకి మడకర్రే వాడేదని ఇంకో సందర్భంలో ఆయనే చెప్పారు.

బావగారిని ఇంతగా ఆడిపోసుకుంటున్న నా సంగతి? కైకలూరు దగ్గర కొల్లేటి లంక మాది. 1999లో కొల్లేరు సరస్సుని ఐదో కాంటూరు (ఎత్తు గీత) వరకూ అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో పొక్లెయిన్లు దిగి అభయారణ్యంలోని చేపల చెరువుగట్లు పగలగొట్టాయి. తర్వాత గట్లు మెల్లగా, వాన పడ్డాక గడ్డి మొలిచినట్టు, మళ్లీ మొలిచాయి. మా నాన్న చేపల చెరువు ఏ కాంటూరులో ఉందో మాత్రం అడక్కండి. పత్రికలో రాసే విషయం కాదది. ఆటపాకలో గూడబాతులకి చెట్లు చాలక అటవీశాఖవాళ్లు ఇనుప స్టాండ్లు పాతితే వాటిమీద గూళ్లు కట్టుకుంటున్నాయి. అక్కడ పడవెక్కి వాటిని చూడ్డానికి టికెట్టు కొంటారు. ఆ బాతులే ఎగిరి మా చెరువు మీదకొస్తే కాపలావాడు డబ్బా వాయిస్తాడు, టపాకాయలు పేలుస్తాడు. మా ఖర్చుల్లో మేత, మందులు, కరెంటు తర్వాత టపాకాయలకి ఒక పద్దు ఉంటుంది.

థఖీరాలో ఆ రోజు ఫ్లెమింగోల గుంపు బాగా దగ్గరకొచ్చింది. బావగారి అబ్బాయి గట్టిగా అరిచాడు. నేను వాడి నోరు మూసి, "శ్... కొంగలు ఎగిరిపోతాయి!" అన్నాను. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. నాన్న. ఈ ఏడు గూడబాతులు ఎక్కువొచ్చాయట, టపాకాయలకి ఇంకో రెండువేలు పంపమన్నాడు. గొంతు తగ్గించి "అలాగే నాన్నా" అన్నాను, పక్షులకి ఇబ్బంది కలగకూడదని. మడచెట్ల మధ్య నిలబడే ఫోన్లో డబ్బు పంపించాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

వచ్చే శుక్రవారం కూడా పజేరోలో నాకో సీటు ఉందని బావగారు కబురు పెట్టారు. వస్తాను, బిర్యానీ బాగుంటుంది. ఒక్కటే మనవి బావగారూ: వీడియో కింద నా పేరు పక్కన "ప్రకృతి ప్రేమికుడు" అని మాత్రం రాయకండి. మా ఊళ్లో కూడా ఆ వీడియోలు చూస్తారు, కాపలావాడితో సహా.