ఒంటికాలి మీద నిలబడటం రాకుండానే లాంగ్ రేసులా?

మా రోజుల్లో స్కీ నేర్చుకోవడానికి వెళ్తే ముందు చేతిలో పోల్స్ లాక్కునేవాళ్లు. మినియాపోలిస్‌లో నాకు నేర్పిన నార్వే పెద్దాయన మొదటి శీతాకాలం చాలావరకు నన్ను పోల్స్ ముట్టుకోనివ్వలేదు. ఒక స్కీ మీద నిలబడి జారడం వచ్చాకే చేతుల సంగతి అనేవాడు. ఇప్పుడు అరవై దాటి అమెరికన్ బిర్కెబైనర్ స్కీ రేసుకు పేరిచ్చిన మనవాళ్లు నా దగ్గరికొచ్చి మొట్టమొదట అడిగేది, "బాబాయ్ గారూ, ఏ వాచీ కొనమంటారు?" అని. వాచీ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చెబుతుంది. ఒంటి బరువు ఏ కాలి మీదికీ పూర్తిగా వెళ్లకుండా నడిమధ్య ఇరుక్కుందని అది చెప్పదు కదా!

క్లాసిక్ స్కీ పాదం కింద కాస్త పైకి వంపు తిరిగి ఉంటుంది. రెండు కాళ్ల మీద బరువుంటే ఆ వంపు మంచుకు తగలదు, హాయిగా జారుతుంది. బరువంతా ఒక్క కాలి మీదికి తెచ్చి కిందికి తొక్కితే వంపు చదునై, అక్కడ రాసిన కిక్ వ్యాక్స్ మంచును పట్టుకుంటుంది. ఆ పట్టు మీదే శరీరం ముందుకు పోతుంది. అప్పట్లో దుకాణంలో నున్నటి నేల మీద స్కీలు పరిచి, మనల్ని ఎక్కించి, పాదం కింద కాగితం ముక్క దూర్చి లాగి చూసేవాళ్లు. రెండు కాళ్ల మీద నిలబడితే కాగితం కదలాలి. ఒక కాలి మీదికి మారగానే బిగుసుకుపోవాలి. అలా కుదిరిన జతే ఇంటికి తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు ఎత్తూ బరువూ ఫోనులో కొట్టి తెప్పించుకుంటున్నారు. కొండ మీద కాలు వెనక్కి జారితే వ్యాక్స్‌ను తిడతారు. సగం బరువే వేస్తే వ్యాక్స్ మాత్రం ఏం చేస్తుంది? పైగా తొక్కవలసింది వెనక్కి కాదు, కిందికి. అదీ ఒక పాదం రెండో పాదాన్ని దాటే ఆ క్షణంలోనే. కాలు వెనక్కి వెళ్లిపోయాక తొక్కితే దండగ.

వ్యాక్స్ సంగతీ అంతే. గట్టి చలికి ఆకుపచ్చ, కొంచెం తగ్గితే నీలం, సున్నా దగ్గరికొస్తే ఊదా, ఎరుపు. కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచుకైతే ట్యూబులోంచి పిండే జిగురు, క్లిస్టర్. పొద్దున్నే మంచును చేత్తో పట్టి చూసి, పల్చగా రాసి, కార్కుతో రుద్ది, మళ్లీ రాసేవాళ్లం. ఇప్పుడు పాదం కింద మోహైర్ పట్టీ ఉండే స్కిన్ స్కీలు వచ్చాయి. వయసు మీరినవాళ్లకు అవి మంచివే, కాదనను. కానీ వాటికీ బరువు మార్చడం రావాలి.

అసలు జబ్బంతా రెండు పోల్స్‌తో ఒకేసారి నెట్టే డబుల్ పోలింగ్ మోజు. స్వీడన్‌లో సేలెన్ నుంచి మూరా దాకా 90 కిలోమీటర్ల వాసాలోపెట్ రేసు 1922 నుంచీ జరుగుతోంది. 2012లో యోర్గెన్ బ్రింక్ కిక్ వ్యాక్సే రాయకుండా, చేతుల బలంతో మొత్తం దూరం నెట్టుకుంటూ వెళ్లి గెలిచాడు. అప్పట్నుంచి అందరికీ అదే దారైంది. చివరికి ఒక్కో కాలూ మార్చి తొక్కే డయాగనల్ స్ట్రైడ్ బతకాలని 2016లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య క్లాసిక్ రేసుల్లో పోల్ పొడవు మనిషి ఎత్తులో 83 శాతం మించకూడదని నిబంధన పెట్టాల్సివచ్చింది. ఆ కుర్రాళ్ల వీపులు వేరు, వాళ్ల సాధన వేరు. వాళ్లను చూసి అరవై అయిదేళ్లవాళ్లు వేసవంతా జిమ్ములో తాళ్లు లాగుతూ కూర్చుంటున్నారు. రేసు సగం దాటేసరికి నడుం పట్టేస్తుంది, కాళ్లతో వెళ్దామంటే కాళ్లకు ఆ పని రాదు. మేం చదునులో డబుల్ పోలింగ్, కాస్త ఎత్తు తగిలితే దానికో కిక్ జోడించడం, కొండకు డయాగనల్, మరీ నిటారైతే స్కీల ముందు కొసలు ఎడంగా పెట్టి ఎక్కే హెరింగ్‌బోన్, ఇలా మార్చుకుంటూ వెళ్లేవాళ్లం. చేతులు పనిచేస్తుంటే కాళ్లు తేరుకునేవి, కాళ్లు పనిచేస్తుంటే నడుం తేరుకునేది.

వయసైపోయిందని మాత్రం నాతో అనకండి. ఊపిరి తగ్గుతుంది, కాలి విసురూ తగ్గుతుంది, నిజమే. కానీ 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, జీవితమంతా స్కీ చేసిన ఎనభై ఏళ్ల స్వీడన్ వాళ్లను అదే వయసులో ఏ వ్యాయామమూ లేనివాళ్లతో పోల్చారు. శరీరం వాడుకోగల ఆక్సిజన్ కిలో బరువుకు నిమిషానికి స్కీ చేసినవాళ్లది 38 మిల్లీలీటర్లు, చేయనివాళ్లది 21. 1875లో నార్వేలో పుట్టి కెనడాలో స్థిరపడిన 'జాక్‌రాబిట్' యోహాన్‌సెన్ నూరేళ్లు దాటాక కూడా స్కీ చేశాడు, 111 ఏళ్లు బతికాడు.

ఇప్పటి సాధన చూస్తే బాధేస్తుంది. రోజూ ఒకే మోస్తరు ఆయాసం. మెల్లగా వెళ్లాల్సిన రోజు మెల్లగా వెళ్లరు, గట్టిగా ఎక్కాల్సిన రోజుకు సత్తువ మిగలదు. ఈ వయసులో గట్టి రోజు తర్వాత రెండు రోజులు తేలిగ్గా పోవాలి. మాట్లాడుతూ వెళ్లగలిగేంత తేలిక. బరువులెత్తడం మాత్రం ఈ కాలంవాళ్లు నేర్పిన మంచి పని. వారానికి రెండుసార్లు తప్పకుండా చేయాలి.

మంచు లేదంటారు, అదీ నిజమే. మంచు లేక 2017లో బిర్కెబైనర్ రద్దయింది, 2024లో యంత్రంతో చేసిన మంచు మీద పది కిలోమీటర్ల చుట్టు వేసి జరిపారు. ఎన్నో ఏళ్లు ఆ రేసులో కేబుల్ అనే ఊరి నుంచి హేవర్డ్ దాకా అడవిలో వెళ్లినవాణ్ణి, ఆ వార్త చదివినప్పుడు కడుపు తరుక్కుపోయింది. అలాంటి శీతాకాలాలు వస్తున్నప్పుడే కదా ఒంటికాలి సాధన ఇంకా కావాల్సింది! దానికి మంచెందుకు? శరదృతువులో ఏ గట్టు దొరికినా చాలు. పోల్స్ పట్టుకుని ఒక్కో అడుగూ ఎగిరి వేస్తూ, ప్రతిసారీ ఒక్క కాలి మీదే పూర్తిగా దిగుతూ పైకెక్కండి, దిగేటప్పుడు నడిచి రండి. సెప్టెంబరు నుంచి ఆదివారం పొద్దున్నే మినియాపోలిస్‌లోని థియోడర్ వర్త్ పార్కు గట్ల మీద ఉంటాను. నేర్చుకుంటామంటే ఎవరికైనా నేర్పుతాను.