మా రోజుల్లో కాగితం పని చేసేది

ఈ కాలపు పిల్లలకు బీటెక్‌లున్నాయి, ఎంబీఏలున్నాయి. నాలుగు వాక్యాల అర్జీ రాయమంటే మాత్రం చేతులెత్తేస్తారు. పెద్దపల్లి, సుల్తానాబాద్ రైస్‌మిల్లుల్లో గుమస్తాగా బతుకు గడిపిన నాకు ఇది చూస్తే కడుపు రగులుతుంది. లారీలో పోయిన బియ్యం బస్తాలు తక్కువైతే ట్రాన్స్‌పోర్టు వాళ్లకు ఏం పంపుతున్నారు? ‘సార్, షార్టేజీ ఉంది, ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’ అని, కింద ఒక దండం బొమ్మ. ఏ లారీ, ఏ తారీఖు లోడు, కాటా చీటీలో ఎంత ఉంది, ఎంత సొమ్ము రావాలి, ఎప్పటిలోగా కట్టాలి, ఒక్కటీ ఉండదు. అవతలివాడు ‘ఓకే సార్’ అంటాడు. ఆ సొమ్ము మునిగినట్టే.

మా రోజుల్లో ముందు టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయేవాళ్లం. ఇంగ్లీషు లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. వేళ్లకు వేగం అక్కడ వచ్చేది, ఉత్తరం రాయడం మాత్రం మిల్లులో పెద్ద గుమస్తా దగ్గర నేర్చుకోవాల్సిందే. ముందు చిత్తు రాసి తెమ్మనేవాడు. ఎర్ర సిరా పెన్ను తీసి, వినయంగా రాసిన మొదటి నాలుగు లైన్లూ కొట్టేసేవాడు. “ఏం గావాల్నో మొదలు చెప్పు బిడ్డా. ఎందుకు గావాల్నో తర్వాత చెప్పు. దండాలు ఆఖర్న పెట్టు” అనేవాడు. మళ్లీ రాయాలి, మళ్లీ చూపించాలి. ఆయన సరే అన్నాకే మిషన్ మీదికి కాగితం ఎక్కేది, మధ్యలో కార్బన్ పెట్టి. ఆఫీసు కాపీ ఫైల్లో పడకుండా ఒక్క కవరు కూడా పోస్టుకు పోలేదు.

కాజీపేట–బల్హార్షా రైలు మార్గం మీది ఊరు మాది. వ్యాగన్లో పోయిన సరుకు తక్కువ వస్తే రైల్వేకు క్లెయిము రాయడమే గుమస్తాకు అసలు పరీక్ష. సరుకు అప్పగించిన రోజు నుంచి ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే పరిహారం అడిగే హక్కే పోతుంది. పాత చట్టంలోనూ అంతే, ఇప్పటి 1989 రైల్వే చట్టం 106వ సెక్షన్‌లోనూ అంతే. అందుకని ఆ ఉత్తరంలో ఆర్‌ఆర్ (రైల్వే రసీదు) నంబరు, బుక్ చేసిన తారీఖు, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కు, వ్యాగన్ నంబరు, ఎక్కించిన బస్తాలు, దించిన బస్తాలు, సీలు ఎట్లా ఉంది, తక్కువైన సరుకు ధర ఎంత అన్నీ వరసగా ఉండాలి. బీజకం నకలు జత చేయాలి. కోపం అసలు కనబడొద్దు. ‘మీ వాళ్లే ఎత్తుకపోయిండ్రు’ అని రాస్తే జవాబు ఆ మాటకే వస్తుంది, బస్తాల సంగతి పక్కకు పోతుంది. చూసింది రాయి, అనుమానం రాయకు అని పెద్ద గుమస్తా నూరిపోసేవాడు.

టెలిగ్రాం కూడా మాకో బడి. మాటకింత అని పైసలు కట్టాలి గనుక సంగతంతా పది మాటల్లో ఇమడ్చడం తప్పనిసరిగా వచ్చేది. 2013 జూలైలో దాన్ని మూసేశారు.

మా నాయనల కాలంలో ఇంత కూడా లేదు. నిజాం దఫ్తర్లు ఉర్దూలో నడిచేవి. తెలుగు రైతు తన భూమి గురించి తాను రాసుకోలేక అర్జీలు రాసేవాడి ముందు కూర్చునేవాడు, ఏం రాశాడో తెలియకుండానే వేలిముద్ర వేసేవాడు. 1966లో అధికార భాషల చట్టం వచ్చాక తెలుగుకు దఫ్తర్లో చోటు దొరికింది. ఇప్పుడు చదువుకున్న పిల్లలు మళ్లీ జిరాక్స్ దుకాణంలో పైసలిచ్చి రాయించుకుంటున్నారు. అక్కడ అందరికీ ఒకటే నమూనా. పేరు మారుస్తారు, సర్వే నంబరు మారుస్తారు, గోస మాత్రం ఒకటే. కొందరు ఫోన్లో ఏఐని అడిగి రెండు పేజీలు తెచ్చుకుంటున్నారు. ఆ రోజు ఎన్ని బస్తాలు దించారో దానికేం తెలుసు?

2016లో పెద్దపల్లి జిల్లా అయింది. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణికి కరీంనగర్ బస్సెక్కే బాధ తప్పింది. కానీ అర్జీలు చూస్తే, ‘నాకు న్యాయం చేయగలరు’ అన్న మాట తప్ప ఏం చేయాలో ఉండదు. పాసుబుక్కులో తక్కువ పడ్డ గుంటలు సరిచేయాలా, కొలిచి హద్దులు చూపాలా, కొన్న భూమికి పేరు మార్చాలా? మూడూ వేరు వేరు పనులు, వేరు వేరు ఫైళ్లు. అడగని పని ఏ ఆఫీసరూ చేయడు.

2005 సమాచార హక్కు చట్టం ఎంత మంచి ఆయుధం! ఎందుకు అడుగుతున్నావో చెప్పనక్కర్లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. అయితే ‘నా ఫైలు ఎందుకు ఆపిండ్రు’ అని అడిగితే ముక్తసరి జవాబే వస్తుంది. ఫలానా తారీఖున ఇచ్చిన ఫలానా నంబరు అర్జీ మీద రాసిన నోట్‌ఫైలు నకలు ఇవ్వండి అని అడిగితే కాగితం చేతికి రావాలి.

కొత్త సౌకర్యాలు చెడ్డవని నేననను. దెబ్బతిన్న బస్తాను అక్కడికక్కడే ఫొటో తీసి పంపవచ్చు. 2000 ఐటీ చట్టం వచ్చాక ఈమెయిల్‌కూ సాక్ష్యంగా విలువ ఉంది. పిల్లల్లో తెలివికీ కొదవ లేదు. రాసింది దిద్ది, మళ్లీ రాయించే మనిషి వాళ్లకు దొరకడం లేదు. కాలేజీలో సెలవు చీటీ నమూనా బట్టీ పట్టించి, దానికే మార్కులు వేసి పంపుతున్నారు.

పెద్దపల్లి, మంథని, గోదావరిఖని కాలేజీల లెక్చరర్లనూ, మిల్లు సేట్లనూ నేను అడిగేది ఒక్కటే. వారానికొక నిజమైన ఉత్తరం రాయించండి. రావాల్సిన బిల్లు బాకీ గురించో, తప్పు పడ్డ కరెంటు బిల్లు గురించో, భూమి సర్వే గురించో, ఆ పిల్లల ఇంట్లో ఉన్న సమస్య మీదనే రాయించండి. సింగరేణిలో, ఎన్టీపీసీలో, మిల్లుల్లో పనిచేసి రిటైరైన గుమస్తాలు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. దిద్దడానికి మమ్మల్ని పిలవండి, వస్తాం. పైసా అడగం.