ఒక గుంత ఉంటే స్వాతి, ఏడుంటే సప్తర్షులు

సింధు లిపిని చదివి చూపించిన వాళ్లకు పది లక్షల డాలర్లిస్తామని 2025 జనవరిలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు. రెండు నెలలు తిరిగేసరికి, మార్చిలో, నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఈ రెండు కబుర్లూ కలిసి చేసిన మేలు ఇంతా అంతా కాదు. గీతలున్న ప్రతి రాయీ పంచాంగమైపోయింది, గుంత పడ్డ ప్రతి బండా వేధశాలైపోయింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సింధు లిపి మీద పనిచేసే రాజేశ్ రావుకు చదివేశామంటూ వారం వారం ఉత్తరాలొస్తాయట. డబ్బు తమిళనాడుది కాబట్టి పోటీ అక్కడితో ఆగాలి కదా, ఆగలేదు. అనంతపురం, బళ్లారి గుట్టల మీది బొమ్మలక్కూడా వంతొచ్చింది. ఏ బొమ్మకైనా అర్థం ఒకటే: నక్షత్రం. చదవలేని రాత ఏదైనా సరే, ఆకాశం వైపు వేలు చూపిస్తే చదివినట్టే లెక్క.

ఈ విద్యలో ఓటమన్నదే లేదు. బండ మీద గుంత ఒకటే ఉందా? మన నక్షత్ర పట్టికలో ఒంటి చుక్కలు మూడున్నాయి: ఆరుద్ర, చిత్త, స్వాతి. మీ ఊరి పంటకు ఏది అచ్చొస్తే దాన్ని తీసుకోండి. రెండుంటే పుబ్బ, నచ్చకపోతే ఉత్తర. మూడుంటే మృగశిర. నాలుగుంటే, కొందరి లెక్కలో, అనూరాధ. ఐదుంటే హస్త. ఆరుంటే కృత్తిక, ఇక చర్చే లేదు. ఏడుంటే సప్తర్షులు సాక్షాత్తూ దిగివచ్చినట్టే. ఎనిమిదుంటే? సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కన అరుంధతి ఉందిగా. అంతకు మించితే రెండు మండలాలు కలిపి చెక్కారంటారు, అది ఇంకా గొప్ప విజ్ఞానం. ఒకటి నుంచి మొదలుపెట్టి ఎంతదాకా లెక్కబెట్టినా నక్షత్రం దొరకని అంకె లేదు. ఎన్ని గుంతలున్నా నెగ్గే పద్ధతి ఆ గుంతల గురించి మనకు కొత్తగా చెప్పేదేముంటుంది?

లెక్క కుదిరినా ఆకారం కుదరాలి కదా అని అడిగితే దానికీ మందుంది. బండ నేల మీద పడి ఉంటుంది. ఎటు నుంచి చూడాలో చెక్కినవాడు రాసిపెట్టి పోలేదు. ఉత్తరం నుంచి చూస్తే కలవకపోతే దక్షిణం వైపుకు రండి. అప్పుడూ కలవకపోతే, పైనున్న ఆకాశాన్ని కింద చెక్కేటప్పుడు అద్దంలో బొమ్మలా తిరగేశాడనండి. ఒక గుంత ఎక్కువైతే అది తరవాత ఎవరో పశువుల కాపరి తవ్వింది, తక్కువైతే వానకు అరిగిపోయింది. అనంతపురంలో బండలరిగేంత వాన! సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా గట్టిగా పడని చోట, లెక్క తప్పిన ఒక్క గుంతను మాత్రం వాన వెతుక్కుంటూ వచ్చి చెరిపేసింది.

ఆకారం తరవాత కాలం. రాతి మీది గుంతకు వయసు చెప్పడం ఎంత కష్టమో పురావస్తు శాఖలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. చెక్కలో, ఎముకలో కార్బన్ ఉంటుంది. గుంతలో ఉండేది ఖాళీ. ఆ కష్టమే ఈ చుక్కల పండితులకు వరమైంది. కంప్యూటర్లో ఆకాశాన్ని వెనక్కి తిప్పే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. క్రీస్తుపూర్వం 1500 దగ్గర చూడు, కలవకపోతే 2000కు పో, ఇంకా కలవకపోతే 3000కు పో. ఎక్కడ కలిస్తే అదే ఆ రాయి వయసు. వయసు అది కాబట్టి బొమ్మ నక్షత్రమే, బొమ్మ నక్షత్రం కాబట్టి వయసు అదే. దొంగకు దొంగ జామీను నిలబడినట్టుంది వరస. ముడుమాల్ సంగతి కొంత వేరు. ఆ నిలువురాళ్ల వరసలు సూర్యుడి అయనాలతో కలుస్తాయన్న మాటను కొలిచి చూడొచ్చు, తప్పైతే తప్పని తేలుతుంది. ఆ చోటును కాపాడాలనడంలోనూ నాకు రెండో మాట లేదు. అదే చోట ఒక బండ మీది గుంతలు సప్తర్షి మండలమేనన్న మాట మాత్రం ఆ పరీక్షకు అందదు. జాబితాకెక్కింది నిలువురాళ్లు, ఊరూరా పాకింది గుంతలు.

పెద్ద గుట్టల మీద రుబ్బుకున్న గుంతలుంటాయి, గింజలు దంచుకున్న గుంతలుంటాయి. గుడి అరుగుల మీద కూర్చున్నవాళ్లు పులిజూదానికి గీసుకున్న గీతలుంటాయి. వామనగుంటలాటకు వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంతలు కావాలి. వేల ఏళ్ల తరవాత ఆ పలక దొరికితే అది జంట సప్తర్షి మండలం కాక ఇంకేమవుతుంది? మనుషులు ఏ కాలంలోనైనా తిన్నారు, ఆడుకున్నారు, ఊరికే కూర్చుని రాయిని రాయితో కొట్టారు. ఈ మూడు పనులనూ కాదని తేల్చాక కదా నాలుగోదానికి పోవాలి.

ఇది మన దగ్గర పుట్టిన జబ్బు కూడా కాదు. పసిఫిక్ సముద్రంలో ఈస్టర్ దీవివాళ్లు చెక్కల మీద చెక్కిన రొంగొరొంగొ రాతకు ఇంతకంటే ముదిరిన వైద్యం జరిగింది. మిగిలినవి రెండు డజన్ల వస్తువులు, ఇప్పటికీ ఎవరూ చదవలేదు. అందుకే ఎవరైనా చదివేస్తున్నారు. చిత్రమేమిటంటే ఆ జబ్బుకు మన సింధు లిపి కూడా దోహదపడింది. 1932లో హెవెశీ అనే హంగరీ పండితుడు సింధు గుర్తులనూ ఈస్టర్ దీవి గుర్తులనూ పక్కపక్కన పేర్చి, రెండూ ఒకటేనని పారిస్ పండితులకు వినిపించాడు. మొహెంజొదారో నుంచి భూగోళంలోకి సూది గుచ్చితే అవతల ఈస్టర్ దీవి దగ్గర్లోనే తేలుతుంది, అంత దూరం. మధ్య కాలం మూడు వేల ఏళ్లకు పైమాటే. మామూలు మనిషి అంత దూరం చూసి సిగ్గుపడి ఊరుకుంటాడు. వీళ్లలో కొందరికి సరిగ్గా భూమికి అటూ ఇటూ ఉండడమే రుజువైంది! మెత్రో అనే మానవశాస్త్రవేత్త 1938లో ఆ పేర్పును విడగొట్టి, గుర్తులను ఎలా సరిదిద్ది పోలిక పుట్టించారో చూపించాడు. అయినా బొమ్మల పట్టిక చావలేదు. పట్టికలు అంత తొందరగా చావవు.

ఆ రాత ఎందుకు చదవలేకపోతున్నామో ఈ చుక్కల పండితులు ఒక్క వాక్యమైనా రాయరు, నాకు ఒళ్లు మండేది అక్కడే. 1862 చివర్లో పెరూ నుంచి ఓడలొచ్చి ఆ దీవి జనాన్ని పట్టుకుపోయాయి. దాదాపు పదిహేను వందల మంది, అందులో చదువొచ్చిన పెద్దలు కూడా. బతికి తిరిగొచ్చిన కొద్దిమందితో మశూచి వచ్చింది. 1877కల్లా దీవి మీద మిగిలింది 111 మంది. లిపి పోలేదు, చదివే మనుషులను చంపేశారు. 1864లో క్రైస్తవ ప్రచారకుడు ఎయిరో ఆ చెక్కల గురించి మొదటిసారి రాసేనాటికే ఆలస్యమైపోయింది. తాహితిలో బిషప్ జోసెన్ ముందు మెతోరో అనే దీవివాసి ఒక్కో గుర్తునూ చూసి అది పక్షి, ఇది మనిషి అంటూ పాడాడు. 1886లో ఇంకో పెద్దమనిషి అమెరికన్ల ముందు చెక్కల ఫొటోలు పట్టుకుని గడగడా వల్లించాడు. మధ్యలో ఫొటో మార్చేసినా ఆయన పాట మారలేదు. పాపం, వాళ్లను తప్పుపట్టను. తెలిసినవాళ్లందరూ పోయాక, పరాయివాడు వచ్చి కూర్చోబెట్టి చదవమంటే ఏం చేస్తారు? ఇప్పుడు చల్లగా కుర్చీలో కూర్చుని, ఎవరూ పట్టుకుపోకుండానే అదే పని చేసేవాళ్ల సంగతే వేరు. ఒక హత్యాకాండ మిగిల్చిన ఖాళీని విశ్వరహస్యమని అమ్ముకోవడానికి మనసెలా వస్తుందో!

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా: రొంగొరొంగొలో ఒక క్యాలెండర్ నిజంగానే దొరికింది కదా? దొరికింది. జర్మన్ పండితుడు బార్తెల్ 1958లో మమారి అనే పలక మీద రెండు మూడు పంక్తులను చాంద్రమాసంగా గుర్తించాడు. ఎలా గుర్తించాడో చూడండి. నెలవంక గుర్తు మళ్లీ మళ్లీ వస్తోంది, ముప్పై దగ్గర్లో. వాటి మధ్య ఒకే గుర్తుల గుంపు హద్దురాళ్లలా తిరిగి తిరిగి వస్తోంది. ఇంకోవైపు, దీవివాళ్ల నోట విన్న రాత్రుల పేర్లను ఈ పలకతో పనిలేకుండా వేరేవాళ్లు ఎప్పుడో రాసి పెట్టారు. రెంటినీ పక్కన పెడితే వరస కలిసింది. పలకకు బయట ఒక సాక్ష్యం, లోపల ఒక క్రమం, రెండూ ఒకదానికొకటి తెలియకుండా కలిశాయి. కలవకపోతే బార్తెల్ ఊహ అక్కడే పడిపోయేది. అలా పడిపోవడానికి వీలుంది గనకే అది నిలబడింది. అంత చేసినా అది నెల లెక్కని తెలిసింది తప్ప ఆ గుర్తులను ఇప్పటికీ చదవలేం, ఆ పలకలో మిగతా భాగమంతా చీకటే. కాబట్టి ఆ రెండు మూడు పంక్తులను చూపించి రాతంతా నక్షత్రాలేనని లాగడం కుదరదు. ఆ పంక్తులలో ఉన్నది చంద్రుడు, వీళ్లు అమ్ముతున్నది నక్షత్రాలు. కనీసం ఆ తేడా అయినా చూడొద్దా?

అసలు ఎప్పుడూ చుక్కలే ఎందుకు? పన్ను లెక్కలని ఎందుకనరు, మందలో పశువుల లెక్కని ఎందుకనరు? బళ్లారి పక్కన కప్పగల్లు గుట్ట మీద రాతిని రాతితో మోదిన బొమ్మలున్నాయి. ఫాసెట్ అనే ఆంగ్లేయుడు 1892లోనే వాటి గురించి అచ్చువేశాడు. వాటిలో ఎక్కువ భాగం ఎద్దులు, ఆవులు. పొడుగు కొమ్ములు, మూపురాలు, ఏ పిల్లాడైనా గుర్తుపడతాడు. మరికొన్ని పత్రికలో అచ్చువేయడానికి వీల్లేనివి. వాటికి మాత్రం ఏ రాశీ ఎవరూ కేటాయించినట్టు లేదు. ఆ గుట్ట చుట్టూ, ఇటు మన కళ్యాణదుర్గం వైపు పాలవాయి దాకా, బూడిద దిబ్బలున్నాయి. హంపి పక్కన నింబాపురంలోని దిబ్బ వాలిని దహనం చేసిన బూడిదని చెప్పుకున్నారు. దొరలు అగ్నిపర్వతమన్నారు, ఇనుము కరిగించిన చిట్టెమన్నారు. చివరికి పురావస్తువేత్త ఆల్చిన్ ఉట్నూరులో తవ్వి, 1963లో పుస్తకం రాసి, తేల్చిందేమిటంటే అది పేడ. నాలుగైదు వేల ఏళ్ల కిందట పశువులను దొడ్లో కట్టి, పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టారు. ఎంత గొప్ప సంగతి! ఈ ఎండిన పీఠభూమిలో, ఈ రాళ్ల మధ్య, పశువులను నమ్ముకుని తరాల తరబడి బతికారు. గొప్పదనం అక్కడుంది. కానీ మనకు అది చాలదు. పూర్వీకుడు పేడ ఎత్తేవాడైతే నామోషీ, శాస్త్రవేత్తయితేనే మర్యాద. వాడు చెక్కిన ఎద్దును వృషభరాశి చేస్తేగానీ దండం పెట్టలేం. ఇది పూర్వీకులను గౌరవించడం కాదు, వాళ్లు చేసిన పనిని అసహ్యించుకోవడం.

అంటే మనవాళ్లకు చుక్కలు తెలియవంటావా అని మీదికొచ్చేవాళ్లుంటారు. తెలుసు, బాగా తెలుసు. అందుకే ఈ రుజువులు అక్కర్లేదు. అక్షరం రాని రైతు కూడా రోహిణి పోయి మృగశిర ఎప్పుడొస్తుందో చెబుతాడు. ఇరవయ్యేడు కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు, సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క. శనక్కాయ విత్తడానికి దాన్ని ఏ బండ మీదా చెక్కుకోలేదు. నోట్లో ఉంది, పంచాంగంలో ఉంది. చుక్కలు తెలిసిన జనం బండ మీద గుంత తవ్వితే ఆ గుంత చుక్కే అయితీరాలని ఏముంది? వంట తెలిసిన జనం గీసిన ప్రతి వలయమూ రొట్టె అనాలా? పైగా నిజమైన నక్షత్ర క్యాలెండర్‌కు ఒక గుణముంది, అది తప్పుతుంది. వరాహమిహిరుడి కాలం నుంచి ఇప్పటికి అయనచలనం వల్ల ఋతువులకూ కార్తెలకూ మధ్య ఇరవై రోజులకు పైగా జారింది. మృగశిర వచ్చినా అనంతపురంలో వాన రాకపోవచ్చు. మాకు అసలు వానలు సెప్టెంబరు మీదే ఆధారం. కార్తెను నమ్మి విత్తినవాడు నష్టపోయి, తిట్టి, మరుసటేడు లెక్క సరిచూసుకుంటాడు. బండ మీది గుంతల క్యాలెండర్‌ను నమ్మి ఇంతవరకూ ఎవరూ నష్టపోలేదు. ఎందుకంటే రేపేం జరుగుతుందో అది ఏమీ చెప్పదు.

సరదాకి చూసుకుంటున్నారు, పోనీ, నష్టమేమిటంటారు మంచివాళ్లు. నష్టముంది. కప్పగల్లు గుట్టలో కొడితే గంటలా మోగే బండలున్నాయని, ఆ గుట్టను గ్రానైట్ క్వారీ తినేస్తోందని 2004లో నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు రాసింది. అనంతపురం జిల్లాలో ఉరవకొండ పక్కన బూదగవి గుట్ట మీద కూడా చెక్కుడు బొమ్మలున్నాయి. ఇవన్నీ ఎక్కడున్నాయి, ఎన్నున్నాయి, ఏ బొమ్మ మీద ఏ బొమ్మ చెక్కారు అని ఓపికగా గీసి, కొలిచి, ఫొటో తీసి పెట్టేవాడికి ఎవరూ లక్షల డాలర్లు ప్రకటించరు. ఆ పని చేసినవాడి పేరు పేపర్లో రాదు. ‘ఇక్కడ ఎద్దులు ఎక్కువగా ఉన్నాయి’ అన్న నిజానికి శీర్షిక కుదరదు కదా. ‘అయిదు వేల ఏళ్ల నాటి ఖగోళ పటం’ అంటే విలేకరి బండి వేసుకుని వస్తాడు, ఏడు గుంతలున్న ఆ ఒక్క బండకు కంచె వేస్తారు, పక్కనున్న ఎద్దుల బండ కంకరకు పోతుంది.

కాబట్టి చుక్కలు చదివేవాళ్లకు నాదొక ఖర్చులేని పందెం. చదవబోయే ముందు, ఏ గుంత కనిపిస్తే ‘ఇది నక్షత్రం కాదు’ అంటారో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, అవతలివాడి చేతికివ్వండి. తరవాత గుట్ట మీది ఫొటోలతో పాటు ఎవరింటి పెరట్లోనో ఉన్న పాత రోలు ఫొటోలు కొన్ని కలిపి ఇస్తాం. రోలును రోలని చెప్పగలిగితే, మృగశిర గురించి అప్పుడు మాట్లాడుకుందాం.