నోటిలెక్క

నేథన్ డ్రేక్ మంచివాడు. అందులో నాకు పేచీ లేదు. 2007లో నాటీ డాగ్ అనే అమెరికా సంస్థ ‘అన్‌చార్టెడ్’ ఆటలో అతణ్ణి పుట్టించిన నాటినుంచీ నవ్వుతూ, నవ్విస్తూ నిధుల కోసం దేశాలు పట్టి తిరుగుతున్నాడు. స్నేహితుణ్ణి ఆపదలో వదిలి రాడు. మనసిచ్చిన అమ్మాయి కోసం ప్రాణానికి తెగిస్తాడు. కొండ అంచు పట్టుకుని వేలాడుతూ కూడా ఏదో ఒక చమత్కారం ఆడతాడు. అంత మంచివాడు ఒక్కో ఆటలో వందల మందిని కాల్చి చంపుతాడు. చంపి, తుపాకీలో గుళ్ళు నింపుకుని, ఇంకో చమత్కారం ఆడతాడు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టిందా లేదా అన్న సంగతి ఆట ఎత్తదు.

మా నాన్న రెండో ఆబ్దికానికి ముందురోజు రాత్రి, గుడివాడలో మా ఇంటి వరండాలో నాకూ మావాడికీ వాదన వచ్చింది ఈ డ్రేక్ దగ్గరే. మావాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. హాస్టల్ నుంచి వస్తూ లాప్‌టాప్ తెచ్చుకుని, ఆ సాయంత్రమే ఒక కొత్త ఆట ముగించాడు. దాని పేరు ఇక్కడ రాయను. మా చెల్లెలి ఉద్యోగం దానితో ముడిపడి ఉంది. ఒక రేవు పట్నంలో అన్నను చెరలో పెడితే తమ్ముడు ఒంటరిగా చొరబడి విడిపించుకు రావడం కథ. ముగిశాక తెర మీద లెక్క వచ్చింది. ఇన్ని గంటలు ఆడావు, ఇన్ని బాణాలు వేశావు, ఇంతమంది కాపలావాళ్ళను చంపావు అని. ఆ చివరి అంకె 612. వాడు సంబరంగా పిలిచి చూపించాడు.

“ఆరువందల పన్నెండు మందా! వాళ్ళేం చేశార్రా?”

“విలన్ మనుషులు నాన్నా.”

“సరే, ఏం చేశారు?”

“కాపలా కాస్తున్నారు.”

“అది ఉద్యోగం కదరా. నెల తిరిగితే వచ్చే జీతం కోసం నించున్నవాళ్ళు.”

“అబ్బా, ఆట నాన్నా అది. రంగు చుక్కలు.”

ఆటలు ఆడొద్దని నేను వాడితో ఎప్పుడూ అనలేదు. తెర మీద కాల్చినవాడు రేపు బజార్లోకొచ్చి కాలుస్తాడన్న భయమూ నాకు లేదు. నా బాధ వేరు. ఒకణ్ణి మంచివాడని కథ మనచేత ఒప్పించినప్పుడు, అతని చేతులు చేసే పని కూడా ఆ మంచితనానికి జవాబు చెప్పాలి. అన్న ప్రాణం కోసం ఏడ్చే కళ్ళు, కాపలావాడి ప్రాణం పోతుంటే పక్కకు కూడా తిరగకపోతే ఆ ఏడుపును నేను నమ్మలేను.

ఈ అనుమానం నాకొక్కడికే వచ్చింది కాదని వాడికి చెప్పాను. 2009లో వచ్చిన రెండో ‘అన్‌చార్టెడ్’ చివర్లో ప్రతినాయకుడు లాజరెవిచ్, ఇవాళ ఒక్కరోజే ఎంతమందిని చంపావని డ్రేక్‌ని నిలదీస్తాడు. ఆ లెక్కకు డ్రేక్ జవాబు చెప్పడు. కథ ఒక మాట చెబుతుంటే ఆట ఇంకో పని చేయిస్తోందని అంతకు ముందే, 2007లో, క్లింట్ హాకింగ్ అనే ఆటల రూపకర్త ‘బయోషాక్’ గురించి రాస్తూ ఆ ఎడానికి ‘లూడోనెరేటివ్ డిసొనెన్స్’ అని పేరు పెట్టాడు. డ్రేక్‌ని తప్పుపట్టేవాళ్ళంతా ఆ పేరే పట్టుకున్నారు. నాటీ డాగ్ వాళ్ళు ఏం చేశారు? 2016లో నాలుగో ఆట తెచ్చి, అందులో వెయ్యిమందిని చంపినవాడికి ఒక ట్రోఫీ ఇచ్చారు. ఆ ట్రోఫీకి పెట్టిన పేరు ‘లూడోనెరేటివ్ డిసొనెన్స్’. అడిగిన ప్రశ్ననే బహుమతిగా చేసి చేతిలో పెట్టేశారు. అది తెలిసినప్పుడు అందరూ నవ్వుకున్నారట. నాకు నవ్వు రాలేదు.

“మరి సంక్రాంతికి నువ్వే కదా సినిమాకి తీసుకెళ్ళావు. హీరో ఒక్క కత్తి తిప్పితే పదిమంది గాల్లోకి లేచారు” అన్నాడు మావాడు.

“అక్కడ చంపేది హీరో, నేను చూసేవాణ్ణి. ఇక్కడ మీట నొక్కేది నువ్వు. నువ్వు నొక్కకపోతే వాడు బతికే ఉంటాడు.”

“నేను నొక్కకపోతే కథ ముందుకు పోదు నాన్నా.”

నిజమే. అందుకే ఆ ఆటల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది ఒక నది. 2004లో జపాన్‌వాడు హిడియో కొజిమా తీసిన ‘మెటల్ గేర్ సాలిడ్ 3’లో హీరో స్నేక్ ఒకచోట నీళ్ళలోకి దిగి నడవాలి. అక్కడ పోరాటం లేదు, ఆయుధం పనికిరాదు. అప్పటిదాకా అతను చంపినవాళ్ళంతా ఒక్కొక్కరే ఎదురు నడిచి వస్తారు. ఎవణ్ణి ఎలా చంపాడో ఆ గాయంతోనే వస్తారు. ఎక్కువమందిని చంపినవాడికి ఆ నడక ఎంతకీ తెమలదు. చంపకుండా తప్పుకుంటూ వచ్చినవాడికి నది దాదాపు ఖాళీ. మీట నొక్కిన ప్రతిసారీ ఆట గుర్తుపెట్టుకుందని అక్కడిదాకా మనకు తెలియదు. దీని గురించి మావాడే నాకు చెప్పాడు నిజానికి, రెండేళ్ళ కిందట. చెప్పినప్పుడు వాడి గొంతు కొంచెం తగ్గింది కూడా.

“ఇప్పటి ఆటలు అంతకంటే ముందుకెళ్ళాయి” అన్నాడు వాడు. “2020లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ రెండో భాగం వచ్చింది. అందులో ఒకణ్ణి కొడితే పక్కవాడు వాణ్ణి పేరు పెట్టి పిలిచి కేకేస్తాడు. కుక్కలకి కూడా పేర్లున్నాయి. మొదట్లో చెయ్యి వణికింది నాన్నా. తరవాత అలవాటైపోయింది. పేరు విన్నా కాల్చాల్సిందేగా.”

ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పేరు పెట్టినా ఆగనిది ఇంకెందుకు ఆగుతుంది?

వాడు ఊరుకోలేదు. “అర్జునుడు ఎంతమందిని చంపాడు? ఆయన్ని హీరో అనట్లేదా మనం?”

“అంటున్నాం. కానీ వ్యాసుడు యుద్ధం గెలిపించి పుస్తకం మూసెయ్యలేదురా. స్త్రీపర్వం రాశాడు. ఎంతమంది పోయారని ధృతరాష్ట్రుడు అడిగితే ధర్మరాజు అంకె చెబుతాడు, 166 కోట్ల 20 వేల మంది అని. గెలిచినవాడే, పోగొట్టుకున్నవాడి ముందు నిలబడి, ఆ లెక్క ఒప్పజెప్పాలి. తరవాత ఆడవాళ్ళు రణభూమిలో దిగి ఎవరివాళ్ళని వాళ్ళు వెతుక్కుంటారు. తలలు ఒకచోట, మొండేలు ఒకచోట. ఒకావిడ దొరికిన తలను దొరికిన మొండేనికి చేర్చి చూసుకుని, ఇది ఆయనది కాదే అని మళ్ళీ ఏడుస్తుంది. చివరికి నా అన్నవాళ్ళు లేనివాళ్ళకు కూడా దహనం జరగాలని ధర్మరాజు మనుషుల్ని పురమాయిస్తాడు. నీ 612 మందికి అలా ఎవరు చేశారు?”

మావాడు నవ్వాడు. వెటకారం కాదు, నా మీద ప్రేమతోనే.

“నాన్నా, మొదటి మజిలీలో ఒక వంతెన ఉంటుంది. దాని మీద ఒక బట్టతల కాపలావాడు లాంతరు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటాడు. వాణ్ణి దాటే దారి ఇంకోటి లేదు. వెనకనుంచి వెళ్ళి గొంతు నొక్కి నీళ్ళలోకి తోసెయ్యడమే. మొహం కూడా కనపడదు. చెప్పు, వాడి పేరేంటి? వాడి కోసం ఏడ్చేవాళ్ళెవరున్నారు?”

ఆ ప్రశ్నకు నేను చెప్పబోయిన జవాబు పొడుగ్గా ఉంది. పొద్దున్నే తలస్నానాలు చెయ్యాలి, బ్రహ్మగారు ఎనిమిదికే వస్తానన్నారు అని మా ఆవిడ లోపల్నుంచి కేకేసింది. లేచాం.

తెల్లవారుజామున హైదరాబాద్ బస్సుకి మా చెల్లెలు దిగింది. విదేశీ కంపెనీల ఆటలకు బొమ్మలు చేసిపెట్టే ఒక స్టూడియోలో దాని ఉద్యోగం. అందుకే మేనల్లుడికి అత్తంటే వల్లమాలిన గొప్ప.

ఆబ్దికం సవ్యంగా జరిగింది. నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు, గోత్రంతో సహా పలికి పిండం పెడుతుంటే ఎప్పటిలాగే గొంతు పట్టుకుంది. ఎదురుగా దండ వేసిన ఫొటో మా చెల్లెలు తీసిందే. ఆయన పోయే ముందు ఏడాది వేసవిలో వేపచెట్టు నీడన కుర్చీ వేసి కూర్చోబెట్టి, చుట్టూ తిరుగుతూ లెక్కలేనన్ని తీసింది. “రేషన్ కార్డుకి కూడా ఇన్ని తియ్యరే” అని విసుక్కుంటూనే ఆయన మెడ తిప్పకుండా కూర్చున్నాడు. ఫొటోలో ఎడమ కనుబొమ మధ్య గాటు స్పష్టంగా పడింది. ఆర్టీసీలో కండక్టరుగా చేసే రోజుల్లో, బస్సు సడన్ బ్రేకు వేస్తే ఇనుప కడ్డీ తగిలి చీరుకుపోయింది. మావాడు పసివాడుగా ఉన్నప్పుడు ఆ గాటులో వేలు పెట్టుకుని నిద్రపోయేవాడు. కాస్త పెద్దయ్యాక తాతా మనవళ్ళ కాలక్షేపం లెక్కలే. ఇన్ని టికెట్లు, ఇంత చిల్లర, నలుగురికి పంచితే తలకెంత? కాగితం ముట్టుకోకూడదు, వేళ్ళు మడవకూడదు. నోటితోనే చెప్పాలి. ఆయన ఆసుపత్రిలో ఉన్న చివరి వారంలో కూడా ఇద్దరూ అదే ఆడుకున్నారు. పోయాక వీడు మూడురోజులు అన్నం ముట్టలేదు.

భోజనాలయ్యాక అందరం చావడిలో చాప వేసుకుని నడుం వాల్చాం. అప్పుడు మా చెల్లెలు లేచి కూర్చుని, మేనల్లుడి భుజం తట్టింది.

“ఆట విడుదలయ్యేదాకా నోరు విప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పొచ్చు. అందులో తాతయ్య ఉన్నారురా!”

మావాడు అర్థం కానట్టు చూశాడు.

“ఆ వేపచెట్టు కింద తీసిన ఫొటోలు అందుకే. పట్నంలో తిరిగే మామూలు మనుషుల తలలు కావాలని అడిగారు. ఆఫీసులో తలా ఒకరం మా ఇంట్లోవాళ్ళ మొహాలే పెట్టుకున్నాం. నాన్నచేత ఒప్పుకోలు కాగితం మీద సంతకం కూడా పెట్టించా అన్నయ్యా. ‘నన్ను పెట్టి ఏం సినిమా తీస్తారే’ అని ఒకటే నవ్వు. ఆ కనుబొమ మీద గాటు ఒక్కటీ సరిగ్గా రావడానికే నాకు రెండు రోజులు పట్టింది.”

“ఏ వేషం ఇచ్చారే?” అన్నాను. నాకు నిజంగా సంతోషం వేసింది.

“మేం తల చేసి పంపుతాం, అంతే. ఏ మొండేనికి పెడతారో మాకు చెప్పరు. పళ్ళమ్ముకునేవాడో, పడవ నడిపేవాడో అవుతారనుకున్నా. ఆట వచ్చాక మా టీములో ఒకబ్బాయి చూసి చెప్పాడు. మొదట్లోనే వంతెన మీద లాంతరు పట్టుకుని తిరిగేది ఆయనేనట. నాకింకా చూసే తీరిక దొరకలేదు. నువ్వు పూర్తిచేశావటగా? ఆ లాప్‌టాప్ తీసుకురా. ఆయన నడుస్తుంటే ఒక్కసారి చూడాలని ఉంది.”

మావాడు కదల్లేదు. చాలాసేపటికి అడిగాడు.

“ఆ తల... ఆ ఒక్కడికేనా అత్తా?”

“ఒక్కడికెందుకు పెడతారు? కాపలావాళ్ళందరికీ కలిపి పన్నెండు తలలే. టోపీలూ గడ్డాలూ మార్చి అందరికీ సమానంగా పంచేస్తారు. పట్నమంతా ఆయనే తిరుగుతుంటారు. ఎన్నిసార్లు ఎదురుపడి ఉంటారో చూడు!”

“యాభై ఒకటి” అన్నాడు మావాడు, కాగితం ముట్టుకోకుండానే.