సేఫ్ ఏరియా కావాలండీ

రాజమండ్రిలో ఇల్లు కొనాలనుకునేవాడు ముందుగా కనుక్కోవలసింది గజం రేటు కాదు, తన ఇంట్లో ఎవరికి దేనంటే భయమో. బ్యాంకువాళ్లు మన జీతం చూసి ఇంతే ఇస్తామని ఒక అంకె దగ్గర ఆగిపోతారు. భయాలకి అలాంటి పరిమితి లేదు. మా అమ్మకి గోదావరంటే భయం. మా ఆవిడకి దోమలంటే భయం. మావయ్యగారికి లింకు డాక్యుమెంట్లంటే భయం. అమలాపురం బాబాయికి గ్యాసు పైపులంటే భయం. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి అరవై అయిదు రోజులు మండినప్పుడు ఆయన రాత్రిళ్లు దీపం అక్కర్లేకుండా పేపరు చదివానంటాడు. నాకేమో వీళ్లందరూ ఒకే రోజు, ఒకే ఇల్లు చూడ్డానికి వస్తారేమోనని భయం.

"సేఫ్ ఏరియా కావాలండీ, రేటు అందుబాటులో ఉండాలి" అన్నాను బ్రోకరుతో.

"ఆయ్, తప్పకుండానండి. దేన్నుంచి సేఫండి?" అన్నాడతను.

వెటకారమనుకున్నాను. కాదు. ఈ వ్యవహారం మొత్తంలో నన్నెవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

డబ్బు సంగతి ముందే తేల్చేస్తాను, తర్వాత మనసు పాడుచేసుకోకుండా ఉండొచ్చు. ఇల్లు 40 లక్షలు. 10 మావి, 30 బ్యాంకువి. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకి నెలకి 26,035 రూపాయలు. మొత్తం కట్టేది అరవై రెండున్నర లక్షల దాకా తేలుతుంది. అంటే బ్యాంకుకి ఒక ఇల్లు కట్టించి పెట్టాక మనకొకటి మిగులుతుందన్నమాట. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 3 లక్షలు. వీటిని ఇంటి విలువలో కలపరు కాబట్టి అప్పు పుట్టదు, జేబులోంచే తియ్యాలి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో విడతలో 1.80 లక్షల దాకా వడ్డీ రాయితీ ఉందని తెలిసి సంబరపడ్డాను. ఇల్లు 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటకూడదట. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఎవరూ నన్ను ధనవంతుడనలేదు. అయిదు లక్షల తేడాతో కేంద్ర ప్రభుత్వం అనేసింది.

ఇక భయాల దగ్గరికి వద్దాం. మా అమ్మ పుట్టిల్లు కోనసీమలో ఒక లంక. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు వెళ్లినప్పుడు ఆవిడ ఏటిగట్టు మీద, ఒక చంకలో నేను, ఇంకో చేత్తో మేకపిల్లతో కూర్చుంది. మేకపిల్లే బుద్ధిగా ఉందని ఇప్పటికీ చెబుతుంది. మా పుట్టినరోజులు ఆవిడకి గుర్తుండవు గానీ ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారని నిద్రలో అడిగినా చెబుతుంది. 2022 జులైలో పాతిక లక్షలు దాటినప్పుడు సీరియల్ మానేసి వార్తలు చూసింది. మా ఇంట్లో అంతకు మించిన ప్రమాద హెచ్చరిక లేదు.

ఏ ఇల్లు చూపించినా గుమ్మంలో ఆగి ఒకటే అడిగేది: "ఎనభై ఆరులో ఇక్కడికి నీళ్లొచ్చాయా బాబూ?"

"అప్పటికి నేను పుట్టలేదండి" అన్నాడు బ్రోకరు.

"పుట్టినవాళ్లనెవర్నన్నా పిలువు."

అలా మేం పిలిపించుకున్నవాళ్లలో ఒక ఇస్త్రీ బండాయన ఉన్నాడు. ఏ వీధిలో ఇల్లు కొనాలన్నా ముందు ఇస్త్రీ బండి దగ్గర నాలుగు చొక్కాలు వేసి, అవి అయ్యేదాకా నిలబడటం మంచిదని నా నమ్మకం. ఏ వాటాలో ఎవరు ఏడాది తిరక్కుండా ఖాళీ చేశారో, ఎందుకు చేశారో, రాత్రి పదిన్నరకి ఏ వీధి మొగలో ఎవరు చేరతారో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఆయన అమ్మతో అన్నాడు: "గోదారి గట్టు దాటి రాదమ్మా. ఇక్కడ ఇంట్లోకొచ్చేది వానే."

ఇందులో కిటుకుంది. గోదావరి పొంగినప్పుడు ఊరి మురుగు నదిలోకి పోయే తూముల్ని మూసేస్తారు. మూయకపోతే నదే తిరిగి ఊళ్లోకి వస్తుంది. సరిగ్గా అప్పుడే వాన దంచితే ఊరి నీళ్లకి బయటికి దారి ఉండదు, మోటార్లు పెట్టి గట్టు అవతలికి తోడాలి. అందుకని వానాకాలంలో తుమ్మలావ, ఆర్యాపురం, కంబాలచెరువు వైపు మోకాళ్ల లోతు నడిచినవాళ్లు గోదావరిని తిట్టుకుంటారు గానీ, పాపం ఆవిడ గట్టు అవతలే ఉంటుంది. ఎండాకాలంలో చూపించిన ఇల్లు వానాకాలంలో ఇంకోసారి చూడాలి, అదీ కుదరకపోతే ప్రహరీ గోడ మీద నీళ్లు నిలిచిన చారలు వెతకాలి. కొత్తగా సున్నం కింది అడుగున్నర మేరకే వేసి ఉంటే ఇక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

చెరువులన్నీ వదిలేద్దామనుకున్నాం. కంబాలచెరువు, లాలాచెరువు, దివాన్‌చెరువు తీసేస్తే ఈ ఊళ్లో ఇళ్ల స్థలాలు ఎక్కడ మిగుల్తాయండీ అన్నాడు బ్రోకరు. అదీ నిజమే. లాలాచెరువు వైపు తీసుకెళ్లాడు. హైవే దగ్గర, గాలి బాగుంది, దూరంగా అడవి పచ్చగా కనిపిస్తోంది. "ఆ అడవిలోంచే కదూ చిరుతపులి వచ్చింది?" అంది మా ఆవిడ. 2024 సెప్టెంబరులో వచ్చిన మాట వాస్తవం. దివాన్‌చెరువు అడవిలోంచి బయల్దేరి లాలాచెరువు వైపు తిరిగింది. అటవీశాఖవాళ్లు బోన్లు, కెమెరాలు పెట్టారు. అది వాటిని లక్ష్యపెట్టకుండా కడియం నర్సరీల్లోకి వెళ్లిపోయింది.

"చూశారాండీ, ఉండలేదు కదండీ!" అన్నాడు బ్రోకరు ధైర్యం చెబుతూ.

"దానిక్కూడా ఇక్కడ రేటు నచ్చలేదేమో. కడియంలో పూలూ నీడా, గజం కూడా తక్కువే" అన్నారు మావయ్యగారు.

దొంగల భయం సంగతి అడిగితే జైలు రోడ్డుకి తీసుకెళ్లి సెంట్రల్ జైలు గోడ చూపించాడు. పాతకాలం నాటి గోడ. "దొంగలంతా లోపలే ఉన్నారు కదండీ, ఇంతకన్నా సేఫ్ ఏముంటాదండి?" విడుదలయ్యేవాళ్లు ఏ గేటులోంచి వస్తారని అడగబోయి మానుకున్నాను. నన్నడిగితే మాత్రం రాత్రి పదింటికి కూడా అరుగు మీద ఇద్దరు ముసలాళ్లు కూర్చుని దారేపోయే ప్రతివాణ్ణీ "ఎవరబ్బాయివి బాబూ?" అని అడిగే వీధికి మించిన భద్రత లేదు. అలాంటి వీధులు ఇన్నీసుపేటలో, దానవాయిపేటలో ఇంకా ఉన్నాయి. ఆ ముసలాళ్లే ఇంటి ఓనర్లు. నా 40 లక్షలకి వాళ్లు అరుగు వరకు రాసిస్తారేమో.

దోమల పరీక్ష మా ఆవిడది. సాయంత్రం ఆరున్నరకి ప్రతి ఇంటి బాల్కనీలోనూ కదలకుండా నిలబడి లెక్కపెట్టేది. కుట్టినదానికి పదివేల చొప్పున రేటు తగ్గించి అడగమని నాకు చెప్పేది. ఒక ఇల్లు ఆ లెక్కన మాకు ఉచితంగా రావాలి.

అప్పుడు వాస్తు సిద్ధాంతిగారు రంగంలోకి వచ్చారు. "ఇంటికి పడమట పల్లం, పడమట నీరు పనికిరావు. గృహస్థుకి ధననష్టం" అన్నారు.

"రాజమండ్రి మొత్తానికి గోదావరి పడమటే కదండీ" అన్నాను.

ఆయన తొణకలేదు. "అందుకే కదండీ, ఈ ఊళ్లో అప్పు లేనివాణ్ణి ఒక్కణ్ణి చూపించండి."

మావయ్యగారి మొహం వెలిగిపోయింది. ఆయనది కొవ్వూరు. "మాకు గోదావరి తూర్పు! వాస్తుకి తిరుగులేదు, రేటు సగం. అల్లుడుగారూ, వంతెన దాటి వచ్చెయ్యండి" అన్నారు. నిజానికి మా పెళ్లినాటికి అత్తారిది పశ్చిమగోదావరి జిల్లా, మాది తూర్పు. మర్యాదల దగ్గర నుంచి పులుసులో బెల్లం దాకా తేడాలుండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టి, కొవ్వూరుని తెచ్చి రాజమండ్రి కేంద్రంగా ఉన్న తూర్పుగోదావరిలో కలిపారు. అమ్మ పుట్టింటిని కోనసీమ జిల్లా చేసి అవతల పెట్టారు. అత్తారు దగ్గరై పుట్టిల్లు దూరమవడం ఆడపిల్లలకి మామూలే, నాకు గెజిట్‌లో జరిగింది.

కొవ్వూరు ఆలోచన నాకు నచ్చింది. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద రోజూ గాలి పీల్చుకుంటూ రావచ్చు, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. 2023లో మరమ్మతులకని దాన్ని మూసేసినట్టు మళ్లీ మూస్తే గామన్ వంతెన మీంచి తిరిగి రావాలి, అంతే. కానీ మా ఆవిడ ఒప్పుకోలేదు. "పుట్టింటికి వెళ్లాలంటే మధ్యలో ఒక వంతెనైనా ఉండాలండీ. పక్క వీధిలో ఉంటే ఇక వెళ్లేదెక్కడికి?" అంది. మావయ్యగారు కండువా సర్దుకుని కాఫీ అడిగారు.

మిగిలింది పుష్కరాల గొడవ. ఈసారి 2027 జూన్ 26 నుంచి. బ్రోకర్లందరూ ఒకే పాట: పుష్కరాలొచ్చాయంటే రోడ్లు పడతాయి, ఘాట్లు పడతాయి, రేట్లు అందవు, ముందే కొనెయ్యండి. 2003లో ఇదే అన్నారు, 2015లో ఇదే అన్నారు, రెండుసార్లూ నిజమే అయింది, రెండుసార్లూ మేం కొనలేదు. గట్టు దగ్గర ఒక పాత ఇల్లు మాత్రం వింతగా తక్కువకే ఇస్తామన్నారు. డాబా మీంచి గోదావరి, ఆర్చి వంతెన, సాయంకాలం ఎర్రటి నీళ్లు. నేను దాదాపు సంతకం పెట్టేశాను. ఎందుకమ్ముతున్నారని అడిగితే ఓనరుగారు గొంతు తగ్గించి "వచ్చే ఏడు పుష్కరాలు కదండీ" అన్నారు.

2015 జులై 14న పుష్కరఘాట్‌లో జరిగిన తొక్కిసలాటని చూసిన ఊరిది; జనసమ్మర్దం గురించి ఇక్కడ ఎవరూ వేళాకోళం ఆడరు. ఆయన భయం అది కాదు, చుట్టాలు. ఘాట్‌కి నడిచివెళ్లే దూరంలో ఇల్లున్నవాడికి ఆ పన్నెండు రోజులూ బంధుత్వాలు పుట్టుకొస్తాయి. తాతగారి తోడల్లుడి మేనకోడలినంటూ ఒకావిడ తొమ్మిదిమందితో దిగి, పరుపులు చాలవని నొచ్చుకుని, వెళ్తూ వెళ్తూ సీసాల్లో గోదావరి నీళ్లతో పాటు ఓనరుగారి ఊరగాయ జాడీ కూడా పట్టుకెళ్లిందట. వరద గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుందండీ, వీళ్లు పన్నెండో రోజు దాకా పోరు అన్నారు. ఆ ఇంటి ధర ఎందుకు తక్కువో నాకు అర్థమైంది.

చివరికి బొమ్మూరు వైపు ఒక ఫ్లాటు కుదిరింది. మెట్ట నేల కాబట్టి అమ్మ ఎనభై ఆరు ప్రస్తావన తేలేదు. కలెక్టరేటు అటే ఉంది కాబట్టి "కలెక్టరుగారే మీ పొరుగండి" అన్నాడు బ్రోకరు. దోమలు మధ్యస్థం. అమ్మ సందేహమల్లా నేల గురించి.

"ఇందులో మనకి నేలెంత వస్తుంది?"

"నలభై గజాలండి, యూడీఎస్."

"ఎక్కడ?"

"ఎక్కడని ఉండదండి. మొత్తం స్థలంలో మీ వాటా కలిసి ఉంటాది."

"మరి తులసికోట ఎక్కడ పెట్టుకోను?"

"పైన టెర్రస్ మీదండి."

"నేల కొని, తులసమ్మని డాబా ఎక్కిస్తారా?" అంది అమ్మ. దీనికి రెరా చట్టంలో జవాబు లేదు.

మావయ్యగారు రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ల ఈసీ తీయించారు, 22ఏ జాబితాలో సర్వే నంబరు లేదని చూసుకున్నారు, దేవుడి మాన్యం కాదని రూఢి చేసుకున్నారు. ఇదంతా నవ్వులాట కాదు. నిషేధిత జాబితాలో నంబరుందంటే డబ్బులిచ్చేసినా రిజిస్ట్రేషన్ జరగదు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని పాత దస్తావేజు చదివి ఆగిపోయారు. "తూర్పు హద్దు కొబ్బరిచెట్టు అని ఉంది. ఏదీ చెట్టు?"

"అపార్టుమెంటు కట్టినప్పుడు కొట్టేశారండి."

"హద్దు కొట్టేసి ఆస్తి అమ్ముతారా?"

చెట్టుకి బదులు సర్వేయరొచ్చి కొలిచి రాళ్లు చూపించాక గానీ ఆయన అడ్వాన్సు ఇవ్వనివ్వలేదు. ఇచ్చాం. గోదావరికి దూరం, చిరుతకి దూరం, అత్తారికి మధ్యలో వంతెన ఉంది, పుష్కరఘాట్ కనుచూపుమేరలో లేదు. ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది.

పొద్దున్నే తణుకు నుంచి పిన్ని ఫోను. "ఇల్లు కొన్నావటగా, సంతోషం నాయనా. బొమ్మూరంటే ధవళేశ్వరం పక్కనే కదూ? రామపాదాల రేవు మీకు దగ్గరే అయితే. పుష్కరఘాట్‌లో ఆ జనంలో మాకెందుకు, అక్కడైతే హాయిగా ముణగొచ్చు. మీది ఎన్నో అంతస్తు? లిఫ్టుందా? మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు."