రాగిజావ సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము: “మొలకపిండి చన్నీళ్లలో కలుపు. సన్నమంట మీద వేలు చురుక్కుమనల్ల, బుడగ రాగూడదు. దించి మూత పెట్టు, బండమీద పెట్టాకు. పొద్దుండి ఉడికించు.”

అవతారిక: ఈ సూత్రమునకు కర్త్రి బేతంచెర్లలోని మా పెద్దత్త. ఆమె దీనిని వ్రాసి యెఱుఁగదు, కోడండ్రమీఁదనే ప్రయోగించినది. ఇంట బీరు కాచుకొనువారిమీఁద పన్ను వలదని 1978లో చట్టము చేసికొనిన అమెరికానుండి మా మేనల్లుఁడు, “మామా, ఐదు లీటర్ల గిన్నెలో మాల్టు నానవేసితినా, వేఁడి నిలువకున్నది” అని మొఱపెట్టుకొనఁగా నాకీ సూత్రము స్ఫురించినది. మన రాష్ట్రమున లైసెన్సు లేక ఇంట మద్యము కాచుట 1968 నాటి ఎక్సైజు చట్టముచేత నేరము గావున, వ్యాఖ్యాత జావతోనే సరిపెట్టుకొనుచున్నాఁడు. శాస్త్రము మాత్ర మొక్కటియే.

ప్రతిపదార్థము: మొలకపిండి = నానవేసి, గుడ్డలో మూటగట్టి, మొలకెత్తిన రాగులను ఆరఁబెట్టి విసరిన పిండి (కమ్మదనమునకై మాడ వేఁచినచో తక్కిన సూత్రమంతయు వ్యర్థము); చన్నీళ్లలో = మరుగుచున్న యెసటిలో గాదనుట; వేలు = పెద్దత్త వేలు, థర్మామీటరునకు ఉపలక్షణము; చురుక్కుమనల్ల = ముంచిన వేలు తక్షణము వెనుకకు రావలెను, అనఁగా 60 డిగ్రీలు దాఁటినదని భావము; బుడగ రాగూడదు = మరుగునకుఁ జాల దిగువనే నిలుపవలెను. ‘కడిగిన’ యను విశేషణమును వేలికి ముందు అధ్యాహారము చేసికొనునది.

టీక: గింజ మొలకెత్తునపుడు తనలోని పిండిని చక్కెరగా విఱుచుకొనుటకై అమైలేజు లను ఎంజైములను పుట్టించుకొనును. 1833లో పేయన్, పెర్సోజ్ అను ఫ్రెంచి రసాయనజ్ఞులు మాల్టునుండి, అనఁగా మొలకెత్తించి ఆరఁబెట్టిన ధాన్యమునుండి, వేఱుచేసి డయాస్టేసని పేరిడినది వీనినే. వీనిలో బీటా అమైలేజు 60–65 డిగ్రీల నడుమ చుఱుకుగా పనిచేసి, పిదప త్వరలోనే నశించును. ఆల్ఫా అమైలేజు 70 దాఁకను నిలిచి పనిచేయును. కావుననే బార్లీ మాల్టును 63 వద్ద నానవేసిన బీరు పలుచనై పులియును, 69 వద్ద నానవేసినది నోటికి చిక్కగాఁ దగులును. ఆఱు డిగ్రీలలో పానీయమే మాఱిపోవుచుండఁగా, ఇంగ్లండున బీరు కాచు మైకేల్ కోంబ్రూన్ 1762 నాటి తన గ్రంథమున థర్మామీటరును అంతగా పొగడుటలో వింత లేదు.

పూర్వపక్షము: మరుగు నీళ్లలో పిండి పోసి త్రిప్పిన నేమి? నేఁడు పట్టణములలో అట్లే చేయుచున్నారు గదా! చేయుచున్నారు, ఎంజైము క్షణములో చచ్చి జావ సంగటివలె బిగియుచున్నది, అది పసివానికి మ్రింగుడుపడదని తల్లి నీళ్లు పోయును, నీళ్లతో కడుపు నిండును గాని బలము చేరదు. చన్నీళ్లలో కలిపి మెల్లమెల్లగా వేఁడి చేసినచో అంతే పిండి పలుచని తీపి జావ యగును. రాగిపిండి విచ్చుటకు బార్లీకంటె కొంత హెచ్చు వేఁడి కావలసియుండుటచే, తొందరపడువారికి ఇచ్చట క్షమ లేదు.

ఇఁక ‘బండమీద పెట్టాకు’ అనునది సూత్రమునకు ప్రాణము. కొలఁది చిన్నదైనకొలఁదియు వేఁడి త్వరగా జాఱును, ఏలయన లోపలి ద్రవమునకుఁ గల ఘనపరిమాణముకంటె దాని వెలుపలి తలము దామాషాలో హెచ్చు. పెద్ద కాఁగు తన వేఁడిని తానే కాపాడుకొనును. ఐదు లీటర్ల గిన్నె కాపాడుకొనలేదు. ఊరంతయు నాపరాళ్లే పఱచిన బేతంచెర్లలో దించిన గిన్నెను తిన్నగా నేలపై నుంచినచో బండయే సగము జావ త్రాగును. పెద్దత్త చుట్టకుదురుమీఁద నిలిపి గోనెపట్టా కప్పెడిది.

మేనల్లుని కింకొక లెక్కయుఁ జెప్పితిని. అతనివలె వేఁడినీటిలో మాల్టు నానవేయునపుడు, కిలో మాల్టు పిండికి రెండున్నర లీటర్ల నీరు పోసి 66 డిగ్రీలు రావలెనన్న, పిండి చల్లఁదనము కొంత వేఁడిని హరించును గావున, ఏప్రిల్ మధ్యాహ్నము పిండి 40 డిగ్రీలున్నపుడు నీరు సుమారు 70 చాలును. పుష్యమాసపు వేకువ పిండి 20 డిగ్రీలున్నపుడు 73 దాఁటవలెను. గిన్నె త్రాగు వేఁడి దీనికి అదనము.

తాత్పర్యము: తొందరపడకు, గిన్నె కప్పు.

పాఠాంతరము: ‘మూత పెట్టు’ అనుచోట పొరుగింటివారు ‘మూత తీసి చూడాకు’ అని పఠింతురు. మేనల్లుఁ డీ పాఠమునే సాధువని యంగీకరించి, గిన్నెకు పాత రజాయి చుట్టి, చూడకుండలేక మాత్రము మూఁతకు రంధ్రము చేసి థర్మామీటరు గ్రుచ్చినాఁడఁట.